జీవమ్మ నిద్ర ఊరేగిన వైనం

ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన దగ్గర్నుంచి జీవమ్మ బద్వేలుకు పోయే ప్రతిసారీ ఆధార్ కార్డును ముందే తీసి చేతిలో పట్టుకుని కూర్చునేది. ఒకరు అడిగితే తాను చూపించడం ఆమెకు గిట్టదు. ఆ మంగళవారం కూడా అట్లాగే పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు నాగలత వచ్చి కార్డు చూసింది. జీవమ్మ మొహం చూసింది. మళ్ళీ కార్డు చూసింది. ఆ తర్వాత టికెట్టు మిషను చంకలో ఇరికించుకుని, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేటట్టు నవ్వింది.

"ఏమ్మా, బొమ్మ నాది కాదంటావా?" అంది జీవమ్మ.

"నీదే అవ్వా, నీదే. ఇంక నీకు ఈ కార్డు ఏంటికి? కర్నూలు కాడ్నుంచి కడప దాకా నిన్ను గుర్తుపట్టనోళ్ళు ఎవురుండారు?"

జీవమ్మకు ముందు సంతోషమే వేసింది. వాళ్ళ పల్లె చర్చిలో ముప్పై ఒక్క ఏండ్లుగా ఆమె లేచి సాక్ష్యం చెప్పందే కృతజ్ఞత పండుగ జరగలేదు. ఆ పేరు ఇంత దూరం పాకిందా అనుకుని కాస్త నిటారుగా కూర్చుంది కూడా. "ఎవురు చెప్పినారు బిడ్డా నా గురించి?"

నాగలత జవాబు చెప్పకుండా సెల్లు తీసి చూపించింది.

అందులో జీవమ్మ ఉంది. చర్చిలో ఎడమవైపు స్తంభానికి తల ఆనించి, కళ్ళద్దాలు ముక్కు కొసకు జారిపోగా, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పైవరసలో మిగిలిన రెండు పళ్ళూ బాగా కనిపిస్తున్నాయి. ఒళ్ళో పాటల పుస్తకం తలకిందులుగా ఉంది. బొమ్మ కింద లావాటి పసుపుపచ్చ అక్షరాలతో "చెప్పు చెప్పు, ఇంటాండా!" అని రాసి ఉంది. జీవమ్మ చదువు మూడో తరగతితో ఆగిపోయింది గాని, అంత లావు అక్షరాలు చదవడానికి ఆ మాత్రం చాలు.

"మా ఆయన పొద్దన లేచినప్పటి నుంచి ఒకటే మెసేజీలు పెడతాడవ్వా. గ్యాసు బుక్ చేయి, మా అమ్మకు ఫోన్ చేయి, అది చేసినావా, ఇది చేసినావా అని. అన్నింటికీ నిన్నే పంపిస్తా. మనిషి ఇంక కిక్కురుమనడు."

"నన్ను పంపిస్తావా?"

"నిన్నే. కర్నూల్లో మా ఆడబిడ్డ నాకు పంపించింది. శానా పనికొస్తాండావవ్వా నువ్వు."

ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగారు. వెనక సీట్లో వాళ్ళు లేచి నిలబడ్డారు. కాలేజీ పిల్ల ఒకతి వంగి, "అవ్వా, ఒక్క సెల్ఫీ" అంది. జీవమ్మ కొంగు తలమీదుగా లాగి మొహం కప్పుకుంది. డెబ్బై ఏండ్ల బతుకులో ఆమె ఎవరికీ మొహం దాచి ఎరగదు. పెండ్లినాడు ముసుగు వేస్తే కూడా "ఊపిరాడ్డం లేదు" అని తానే తీసేసిన మనిషి.

ఆమె బద్వేలుకు పోయింది పండుగకని కుట్టించిన కొత్త జాకెట్టు తెచ్చుకోవడానికి. టైలరు వీధి మలుపు దాకా నడిచింది. టైలరు ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గురికీ సెల్లులున్నాయని గుర్తొచ్చింది. ఆ మలుపులోనే వెనక్కి తిరిగి బస్టాండుకు వచ్చేసింది. నాగలత బస్సు సిద్ధంగా ఉన్నా ఎక్కలేదు. తర్వాత బస్సు కోసం రెండు గంటలు ఎండలో కూర్చుంది.

ఇక్కడ సాక్ష్యం సంగతి కాస్త చెప్పాలి. శెనక్కాయలు పీకి, కాయ ఇల్లు చేరాక వచ్చే ఆదివారం వాళ్ళ చర్చిలో కృతజ్ఞత పండుగ. ఆ రోజు ఎవరైనా సరే లేచి, ఆ ఏడు దేవుడు తమకు చేసిన మేలును, తాము చేసిన తప్పుతో సహా నలుగురి ముందూ చెప్పుకోవచ్చు. అదే సాక్ష్యం. చెప్పుకోవచ్చు గాని ముందు ఎవరు లేస్తారు? ఎవరి తప్పు వాళ్ళకు గొంతులో అడ్డం పడుతుంది. అందుకని ముందు జీవమ్మ లేచేది. కొత్తకోడలిగా వచ్చిన ఏడు అప్పటి చర్చి అయ్యగారి కోడిగుడ్లు కొంగులో దాచి, ప్రార్థనలో మోకరించేసరికి అవి పగిలి కాళ్ళ వెంట కారిన సంగతి చెప్పేది. మొగుణ్ణి సంగటి తెడ్డుతో కొట్టి, ఆ తెడ్డుతోనే ఆయనకు సంగటి పెట్టిన సంగతి చెప్పేది. జనం కండ్లనీళ్ళు వచ్చేట్టు నవ్వేవాళ్ళు, నవ్వుతూ నవ్వుతూ కొందరు నిజంగానే ఏడ్చేవాళ్ళు. ఆమె కూర్చున్నాక మిగతావాళ్ళకు ధైర్యం వచ్చేది. ఇంకో ఐదు రోజుల్లో ఆ పండుగ. ఈ బొమ్మ చూసినవాళ్ళ ముందు తాను నోరు తెరిస్తే ఎవరికైనా ఏం గుర్తొస్తుంది?

ఇల్లు చేరేసరికి కోడలు వంటింట్లో సంగటి గెలుకుతోంది. మంగంపేట ముగ్గురాళ్ళ గనిలో టిప్పరు తోలే కొడుకు వసంతకుమార్ సెలవుకు వచ్చి, పళ్ళెం ముందర పెట్టుకుని కూర్చున్నాడు. బద్వేల్లో డిగ్రీ చదివే మనవరాలు ఆరాధన అరుగు మీద సెల్లు చూసుకుంటోంది.

"జాకెట్టేదవ్వా?" అంది ఆరాధన.

"జాకెట్టు సంగతి తర్వాత. చర్చిలో నా ఫోటో తీసింది నువ్వేనా?"

ఆరాధన అబద్ధమాడే పిల్ల కాదు. అయితే నిజాన్ని వెంటనే చెప్పే పిల్ల కూడా కాదు. "ఏ ఫోటో?" అంది.

జీవమ్మ తల పక్కకు వాల్చి, నోరు తెరిచి చూపించింది. వంటింట్లో కోడలు పకాలున నవ్వి, ఆ వెంటనే తెడ్డును గిన్నెకేసి గట్టిగా కొట్టింది, అది గిన్నె చప్పుడే అనుకోవాలని.

"మనింటోళ్ళ గ్రూపులో పెట్టినానవ్వా, అంతే. మీమ్ చేసి స్టిక్కరు పెట్టినా. ఆరుమందే ఉండారు దాంట్లో."

"ఆ ఆరుమందిలోకి బస్సు కండక్టరు ఎట్ల దూరింది?"

"నేను ఇంకెవురికీ పంపలే. ఒట్టు."

వసంతకుమార్ ఊరిబిండి పచ్చడిలో సంగటి ముద్ద అద్దుకుని, నోట్లో పెట్టుకుని, నమలడం మర్చిపోయాడు. జీవమ్మ అతని వైపు తిరిగింది. ఆ పళ్ళెం అంత వెడల్పుగా ఉన్నా దాని వెనక దాక్కోవడానికి చాలలేదు.

"మా డ్రైవర్ల గ్రూపుకు ఒక్కదానికేమ్మా. కింద 'మా అమ్మ' అని కూడా రాసినా. అందరూ శానా మెచ్చుకున్యారు."

"ఏమని మెచ్చుకున్యారు?"

"నవ్వినారు."

"మీ అక్క?"

"అక్క కర్నూల్లో హాస్టలు వంటోళ్ళ గ్రూపులో పెట్టిందంట. ఆడ ఒగామెకు బద్వేలు బస్సుల్లో వదిన ఉండాదని నాకేం తెలుసు?"

"ఆరుమందే అంటివే అమ్మీ" అంది జీవమ్మ మనవరాలితో. "మీ ఆరుమంది ఉండే ఇంటికి గోడల్లేవు."

ఆరాధనకు కాస్త పౌరుషం వచ్చింది. "దానికేం పోయిందిప్పుడు? నువ్వే ప్రతి ఏడూ సాక్ష్యంలో గుడ్ల సంగతి చెప్తావు, తెడ్డు సంగతి చెప్తావు. ఊరంతా నవ్వతాది. నిద్దర పోయింది ఒక లెక్కా?"

"అది నేను చెప్పినా. లేచి నిలబడి, కండ్లు తెరుచుకోని, నా నోటితో చెప్పినా. యాడ నిలపాల్నో, యాడ మింగాల్నో నాకు తెలుసు. అల్లుడు వచ్చిన ఏడు తెడ్డు సంగతి చెప్పలే. మీ తాత బతికుండంగ గుడ్ల సంగతి చెప్పలే. నువ్వు ఎత్తుకపోయింది నిద్దర. నిద్దరలో ఉండే మనిషి వద్దనగలదా? కొంగు సర్దుకుంటా ఉండమనగలదా?"

ఆరాధన సెల్లును అరుగు మీద బోర్లా పెట్టింది.

"ఆదివారం నేను లేయను" అని జీవమ్మ కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.

అన్నట్టే నోరు మూసుకుంది. ఆదివారానికే కాదు, ఆ క్షణం నుంచే. బుధవారమంతా "ఊఁ" అన్నది ఒక మాట, "ఊఁహూఁ" అన్నది ఇంకో మాట, అంతే. కోడలికి పొద్దున హాయిగా ఉంది. పెండ్లయిన ఇరవై రెండేండ్లలో అంత ప్రశాంతంగా ఆమె కూరగాయలు తరిగిందే లేదు. సాయంత్రానికి ఆ హాయి పలచబడింది. టీవీలో సీరియల్ వచ్చింది. అందులో అత్త కోడలిమీద కుట్ర చేస్తుంటే పక్కనుంచి "ఇది మా పెద్దత్త మాదిరే ఉండాది చూడు" అనే మనిషి లేక, సీరియల్ ఉప్పు లేని కూరలా అయింది. గురువారం పొద్దున జీలకర్ర డబ్బా కనపడలేదు. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో జీవమ్మ తలలోనే ఉంటుంది. అడిగితే వేలు చూపించింది. ఆ వేలు అటకను చూపిస్తోందో, ఆకాశాన్ని చూపిస్తోందో ఎవరికీ అర్థం కాలేదు.

పక్కింటివాళ్ళు గోడమీద నుంచి తొంగిచూసి, "జీవమ్మకు ఒంట్లో బాగలేదా?" అన్నారు. బాగానే ఉందని కోడలు చెబితే నమ్మలేదు.

ఆరాధన మాత్రం ఊరికే కూర్చోలేదు. బొమ్మను వెనక్కి రప్పించాలని చూసింది. గ్రూపులో తాను పెట్టినదాన్ని చెరిపేద్దామంటే గడువు దాటిపోయింది. సరే, అందరినీ వేడుకుందామని ఒక్కొక్కరికీ రాసింది. 'అది మా అవ్వ. ఆమె బాధపడతాంది. దయచేసి తీసేయండి' అని పెద్ద ఉత్తరంలా రాసి పంపింది. మొదట మేనత్త నుంచి జవాబు వచ్చింది. అదే స్టిక్కరు. "చెప్పు చెప్పు, ఇంటాండా!" తర్వాత కాలేజీ స్నేహితురాలి దగ్గర్నుంచి, అదే. ముక్కూమొహం తెలియని మంగంపేట డ్రైవరు ఒకాయన నుంచి, అదే. సాయంత్రానికి ఆరాధన సెల్లులో అవ్వ పదిహేడు సార్లు నోరు తెరిచి నిద్రపోతోంది. బతిమాలిన కొద్దీ బొమ్మ పెరుగుతోంది. ఆరాధన సెల్లును బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది.

శుక్రవారం పొద్దున చర్చి అయ్యగారు సుందరం గారు ఇంటికి వచ్చారు. వెంట సంఘ పెద్ద ఏసేపు ఉన్నాడు. ఏసేపు జీవమ్మ భర్తకు చిన్నాన్న కొడుకు, ఆమెకు మరిది. అయ్యగారు కర్నూలు వైపు నుంచి జూన్‌లో బదిలీ మీద వచ్చిన మనిషి. మంచివారే. ప్రసంగం గంటన్నర చెబుతారు.

సాక్ష్యం గురించి అడగడానికి వచ్చారనుకుని జీవమ్మ నులకమంచం వాల్చి, తాను గుమ్మం దగ్గర పీట మీద కూర్చుంది. అయ్యగారు మంచినీళ్ళు తాగి, గ్లాసును రెండు చేతుల్లో తిప్పారు. ఆ తర్వాత నెమ్మదిగా, "అమ్మా, నా ప్రసంగం అంత విసుగ్గా ఉంటుందా?" అన్నారు.

జీవమ్మ తలెత్తింది.

"ఆ ఫోటోలో వెనకాల మసకగా చెయ్యి ఎత్తి నిలబడి ఉన్నది నేనే. మా పాస్టర్లందరికీ ఒక గ్రూపు ఉంది. నేను అందులో ఒక వాక్యం పెడితే చాలు, నంద్యాల నుంచి ఒకరు, ఆదోని నుంచి ఒకరు మిమ్మల్ని పంపుతున్నారు. మా ఆవిడ కూడా నిన్న..." అని ఆగిపోయారు.

ఈ నాలుగు రోజులూ జీవమ్మ బొమ్మలో తననే చూసుకుంది గాని, వెనక మసకలో ఉన్న మనిషిని చూడలేదు. ఆ మనిషి కూడా తనలాగే ఊళ్ళు తిరుగుతున్నాడని ఇప్పుడు తెలిసింది. పాపం అనిపించింది. పాపం అనిపించాక నోరు మూసుకుని ఉండటం ఆమె చేతనయ్యే పని కాదు.

"మీ ప్రసంగం తప్పు కాదయ్యగారూ. ఏసేపూ, నువ్వు పోయి ఆ ఎనుముకు నీళ్ళు పెట్టిరాప్పా."

"ఇప్పుడేంటికొదినా నీళ్ళు?"

"దానికి దప్పికైతాండాదంట. పో."

ఏసేపు అయిష్టంగా లేచి పెరట్లో గేదె దగ్గరికి పోయాడు. జీవమ్మ గొంతు తగ్గించింది. "మా ఆయన పోయినప్పటి నుంచి నాకు నిద్దర సరిగా పట్టదు. ఆరేండ్లాయె. ఎవురికీ చెప్పలే. చెప్తే మాత్రలంటారు, ఆసుపత్రంటారు. మా ఆయన మాపటేళ బైబిలు చదువుతాంటే మీ గొంతు మాదిరే ఉండేది. కొంచెం సాగదీసి చదివేవాడు. మీరు జూన్‌లో వచ్చి మొదటి ఆదివారం నోరు తెరిచినారు, నాకు కండ్లు మూతపడినాయి. వారానికి ఆ గంటన్నరే నాకు దక్కే నిద్దర. మీరు ప్రసంగం తగ్గిస్తే నేను చస్తా."

అయ్యగారికి సంతోషించాలో, బాధపడాలో తెలియలేదు. రెండూ కొద్దికొద్దిగా చేశారు. "ఎంత మంచి సాక్ష్యం అమ్మా ఇది! ఆదివారం మీరు..."

"చెప్పను. మీరూ చెప్పొద్దు. 'ఒక సహోదరి' అని పేరు దాచి ప్రసంగంలో పెడతారు మీరు. మొన్న 'ఒక సహోదరికి కుంటి మేక ఉంది' అన్నారు. ఊరంతటికీ కుంటి మేక దీనమ్మకు ఒక్కదానికే ఉండాది. ఆరాధన పసుపు అక్షరాలు రాసింది, మీరు రాయలేదు. అంతే తేడా."

అయ్యగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన గ్లాసు కింద పెట్టి, "చెప్పనమ్మా" అన్నారు. లోపల తలుపు చాటున నిలబడి ఉన్న ఆరాధన ఇదంతా విన్నది. విని, అక్కడే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. అవ్వకు ఇంట్లో నిద్ర పట్టదని, ఒకే గదిలో పడుకునే తనకు ఆరేండ్లుగా తెలియదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. బలిపీఠం ముందర శెనక్కాయల బస్తాలు, గుమ్మడికాయలు, కొర్రల చాటలు పెట్టారు. జీవమ్మ పాత జాకెట్టుతోనే వచ్చి, ఎడమవైపు స్తంభం దగ్గర కాకుండా గోడ వారగా, మనుషుల మధ్యలో కూర్చుంది. పాటలయ్యాయి. ప్రార్థన అయింది. "సాక్ష్యం చెప్పేవారు లేవచ్చు" అన్నారు అయ్యగారు.

ఎవరూ లేవలేదు. అందరూ జీవమ్మ వైపు చూశారు. జీవమ్మ చాపలోని ఈనెల వైపు చూసింది. మగవాళ్ళ వైపు ఎవరి సెల్లో టింగుమంది. కుర్రకారులో కిసకిసలు మొదలయ్యాయి. నవ్వు ఆపుకోవడానికి ఒకరిద్దరు పాటల పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అట్లా కాసేపు గడిచేసరికి ముందు వరసలో కూర్చున్న ఏసేపుకు నాలుక దురద పుట్టింది.

"మా వదిన నిద్దర పోతాండాదేమో చూడండప్పా!"

చర్చి కప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. జీవమ్మకు తల దించుకుని ఉండాలనే ఉంది. కానీ మోకాళ్ళు ఆమె మాట వినలేదు. ముప్పై ఒక్క ఏండ్ల అలవాటుతో అవి లేచి నిలబడ్డాయి. నిలబడ్డాక ఇంక చేసేదేముంది?

"దేవునికి స్తోత్రం" అంది. నవ్వు కాస్త తగ్గింది.

"నా దగ్గర సెల్లు ల్యా. ఫోటో తీసేది నాకు రాదు. అయినా దేవుడు నాకొక మేలు చేసినాడు. నేను ఒగసారి చూస్తే మర్చిపోను. ఈ తలకాయలో డెబ్బై ఏండ్ల బొమ్మలు ఉండాయి. ఈడ కూచున్న అందరివీ ఉండాయి." ఆమె చుట్టూ చూసింది, తీరిగ్గా, సంతలో కాయలు ఏరుకుంటున్నట్టు. "ఏసేపు మొదటిసారి పెండ్లిచూపులకు పోయింది పెద్దవాన పడిన ఏడు. ప్యాంటు తనది కాదు, అడుక్కొచ్చింది. నేనూ మా ఆయనా తోడు పోయినాము. పిల్ల తరపోళ్ళు కుర్చీ వేసినారు. ఏసేపు కూచున్నాడు. కూచున్నాక..."

"వదినా!" అని ఏసేపు లేచి నిలబడ్డాడు. అతని భార్య అతని వైపు కొత్తగా చూసింది.

"చెప్పాల్నా, వద్దా?"

"వద్దొదినా. దండం పెడతా."

"సరేప్పా, చెప్పను. కూచో." జీవమ్మ చూపు మగవాళ్ళ వైపు రెండో వరసకు పోయింది. అక్కడ పుస్తకం అడ్డం పెట్టుకున్నాయన పుస్తకం తెరిచి శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళ వైపు తిరిగింది. పమిట చాటున నవ్వుతున్న ఇద్దరు తోడికోడళ్ళు ఒకేసారి నవ్వు మింగేశారు. ఎవరి ముందు జీవమ్మ చూపు ఆగితే వాళ్ళకు దగ్గొచ్చింది. చర్చిలో ఇప్పుడు శెనక్కాయ బస్తాలో పురుగు కదిలితే కూడా వినిపించేట్టుంది.

"ఇవన్నీ ఎన్నేండ్లుగా నా దగ్గర ఉండాయి? ఒగటన్నా బయటికి పోయిందా? మా ఇంటి ఆరుమందికన్నా చెప్పినానా? నాకు నోరు లేక కాదు. నాకు ఉండేదే నోరు. అడక్కుండా ఒకరి బొమ్మ ఇంకొకరికి ఇయ్యకూడదని నేనే పెట్టుకున్యా. దేవుడు నన్ను ఇన్నేండ్లు ఆపినాడు, అదే నా సాక్ష్యం. ఈ పొద్దు మాత్రం ఆయనకు శానా కష్టమైతాండాది."

ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. అప్పుడు గోడ పక్క నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"జీవమ్మా, నాది చెప్పు."

దీనమ్మ. ఎనభై దాటిన మనిషి. కర్ర పట్టుకుని సగం లేచింది. "నేనే చెప్పమంటాండా. నన్ను తలుచుకునేటోళ్ళే ల్యాకపోయినారు. నా బాప్తిస్మం సంగతి చెప్పు."

"నిజంగానా దీనక్కా? తర్వాత నన్ను అనకూడదు."

"చెప్పు మే! నేను పోయినాక చెప్తే నాకేం లాభం?"

ఇంక జీవమ్మకు గొంతు వచ్చింది. "దీనక్కకు బాప్తిస్మం ఇచ్చింది ఎంగళరెడ్డి బావిలో. అప్పటి అయ్యగారు పట్టుకోని ముంచినాడు, లేపినాడు. లేచేసరికి ముక్కుపుడక ల్యా. దీనక్క అయ్యగారి చెయ్యి ఇడిపించుకోని మళ్ళీ మునిగింది. అయ్యగారు 'హల్లెలూయ' అన్నాడు. లేచింది, గాలి పీల్చుకుంది, మళ్ళీ మునిగింది. గట్టుమీద ఉండేటోళ్ళందరూ ఎంత భక్తి, ఎంత భక్తి అని పాట ఎత్తుకున్యారు. మూడుసార్లు..."

"నాలుగు!" అంది దీనమ్మ.

"నాలుగుసార్లు మునిగింది. నాలుగోసారి పుడక దొరికింది. పైకి ఎత్తి చూపిస్తే, అయ్యగారు కండ్లనీళ్ళు పెట్టుకోని, ఇంత విశ్వాసం నేనింతవరకు చూడలేదన్నాడు. ఆయనకు నిజం ఇంతవరకు తెల్దు."

ముందు దీనమ్మ నవ్వింది, కర్ర నేలకేసి కొడుతూ, దగ్గు వచ్చేదాకా. తర్వాత చర్చి నవ్వింది. ఆ నవ్వులో జీవమ్మ కూర్చోకముందే తోడికోడళ్ళలో పెద్దామె లేచింది, తన తప్పు తాను చెప్పుకోవడానికి. ఆమె తర్వాత ఇంకొకరు లేచారు. ఆ రోజు సాక్ష్యాలు ఎంతసేపు సాగాయంటే, అయ్యగారి ప్రసంగానికి పదినిమిషాలు మిగిలాయి. జీవమ్మకు ఆ ఒక్కటే కష్టమనిపించింది.

స్టిక్కరు ఎక్కడికీ పోలేదు. అది ఇంకా తిరుగుతూనే ఉంది. ఏ ఊళ్ళో ఎవరి మొగుడికి జవాబుగా పోతోందో ఎవరికి తెలుసు! ఆరాధన ఆ రాత్రి నుంచి పడుకునే ముందు అవ్వ పక్కన కూర్చుని, సాగదీసి బైబిలు చదవడం మొదలుపెట్టింది. తాత గొంతు రాలేదు గాని, మూడో అధ్యాయానికి ఆరాధనకే నిద్ర వచ్చేది. జీవమ్మ ఆ నిద్ర మొహం చూసి దుప్పటి కప్పేది.

పల్లెకు మాత్రం కొత్త భయం పట్టుకుంది. సోమవారం నుంచి జీవమ్మ ఇంటికి రాకపోకలు ఎక్కువయ్యాయి. ఒకామె వంకాయలు తెచ్చింది, ఒకాయన మజ్జిగ తెచ్చాడు. ఇచ్చి ఊరికే పోరు. అవీఇవీ మాట్లాడి, లేచేముందు "నా గురించి నీకు పెద్దగా ఏం గుర్తుండదులే" అంటారు. జీవమ్మ "నాకేం గుర్తుంటాదప్పా, ముసలిదాన్ని" అంటుంది. ఆ మాట విని వాళ్ళు మరింత భయపడి పోతారు.

బుధవారం ఏసేపు వచ్చాడు, చేతిసంచి నిండా వేయించిన శెనక్కాయలతో. కోడలు పెరట్లో ఉందో లేదో చూసుకున్నాడు. ఆరాధన కాలేజీకి పోయిందో లేదో అడిగాడు. అప్పుడు పీట జరుపుకుని దగ్గరగా కూర్చున్నాడు.

"వదినా, మా ఇంట్లో ఆమె మూడు రోజులుగా నన్ను నిలబెట్టి అడుగుతాండాది. నువ్వేమీ చెప్పలే గదా?"

"నేనేం చెప్పలేదప్పా. ఒట్టు."

"ప్యాంటు సంగతి చెప్పినా పర్వాలేదొదినా. చినిగింది, నవ్వినారు, అయిపోయింది. అది నేనే చెప్పుకుంటాలే." ఏసేపు గొంతు ఇంకా తగ్గించాడు. "ఆ రెండోది మటుకు ఎవురికీ చెప్పొద్దు."

జీవమ్మ శెనక్కాయ ఒలుస్తున్న చెయ్యి ఆపింది. డెబ్బై ఏండ్ల బొమ్మలన్నీ ఒకసారి తిరగేసి చూసుకుంది. రెండోది ఎక్కడా కనపడలేదు.

"ఏ రెండోదప్పా?" అంది.

ఏసేపు ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. అది తెలిసేసరికి అతని మొహం పాలిపోయింది.

"ఏం లేదొదినా. నేను పోతా. ఎనుముకు నీళ్ళు పెట్టాల."

"నీళ్ళు నేను పెట్టిస్తాలే. కూచో ఏసేపూ" అంది జీవమ్మ, పీటను ఇంకాస్త దగ్గరికి లాక్కుని.